తూటా కరువు: బెజవాడ రేంజ్ నుంచి వెనక్కి వెళ్తే

మా మేనకోడలి దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంది. ప్రతి పేజీలో నాలుగు గడులు గీసుకుంది: తేదీ, తీసుకున్నవి, కాల్చినవి, మిగిలినవి. చూడటానికి కిరాణా కొట్టు పద్దులా ఉంటుంది. సంక్రాంతికి గుంటూరు బ్రాడీపేటలోని ఇంటికి వచ్చినప్పుడు అది తీసి తిరగేశాను. పాత పేజీల్లో ‘కాల్చినవి’ గడిలో 80, 75, 80 అని వరసగా ఉన్నాయి. పోను పోను 30, 20, మళ్లీ 20. కొన్ని రోజులకు అసలు అంకె లేదు, ‘డ్రై’ అని మాత్రం రాసి ఉంది.

“డ్రై అంటే ఏంటమ్మా?”

“తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం మామయ్యా. చెయ్యి కదులుతోందా లేదా అని చూసుకోవడం. స్టాక్ వచ్చేదాకా ఇంతే అన్నారు సార్.”

తనకి పదిహేడేళ్లు. విజయవాడలో ఎయిర్ పిస్టల్‌తో షూటింగ్ ఆట మొదలుపెట్టింది. రెండేళ్ల నుంచి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ 25 మీటర్ల పిస్టల్ నేర్చుకుంటోంది. పిస్టల్ అకాడమీది, తూటాలూ అకాడమీ ద్వారానే వస్తాయి. ఒక్క మ్యాచ్‌కి 60 షాట్లు, ముందు సరిచూసుకోవడానికి మరికొన్ని. వారానికి ఐదు రోజులు, రోజుకి 80 చొప్పున వేసుకున్నా ఏడాదికి 20 వేలు దాటుతుంది. ఆ లెక్కలో పిల్ల చేతికి 20 తూటాలు ఇచ్చి సరిపెట్టుకోమంటే అది సాధన అవుతుందా?

‘స్టాక్ రాలేదు’ అనే ఆ రెండు మాటల వెనక ఏముందో తెలుసుకుందామని కూర్చుంటే చాలా దూరం వెళ్లాల్సి వచ్చింది. యుద్ధాలు, విమానాలు ఆగడం లాంటివి ఈ మధ్యవే. అసలు ముడి దాదాపు 150 ఏళ్ల కిందటే పడింది.

ముందు ఆ తూటా గురించి చెప్పాలి. అడ్డుకొలత 0.22 అంగుళాలు కాబట్టి షూటర్లు దాన్ని ‘పాయింట్ టూ టూ’ అంటారు. ఒకసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్లినప్పుడు అరచేతిలో పెట్టి చూపించారు. అంగుళం పొడవు, బియ్యపు బస్తా కుట్టే దబ్బనం కంటే లావు. సీసం మీద పల్చగా మైనం లాంటి పూత ఉంటుంది, వేలికి జిడ్డు అంటుతుంది. పెట్టెలో 50 ఉంటాయి. ఈ రకం తూటా 1887 నుంచి ఉంది. దీన్ని పేల్చే మందు వెనక మధ్యలో కాకుండా చుట్టూ ఉన్న అంచు లోపల ఉంటుంది. సూది వచ్చి ఆ అంచుని నొక్కగానే పేలుతుంది. ఒకసారి నలిగిన అంచు మళ్లీ పనికిరాదు. పెద్ద తూటాల ఖాళీ గొట్టాలని కొన్ని దేశాల్లో షూటర్లు ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు, దీనికి ఆ వీలు లేదు. కాల్చామంటే అయిపోయినట్టే.

ఇక్కడే మన ఊరి విలువిద్య గుర్తొస్తుంది. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేశాడని చెప్పుకునే ఊరు మనది. ఆ మాట నిలబెట్టినట్టు వెన్నం జ్యోతి సురేఖ ఈ బెజవాడ నుంచే వెళ్లి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. విలుకాడు బాణం వేసి, నడుచుకుంటూ వెళ్లి, దాన్ని పీక్కుని వెనక్కి వస్తాడు. డజను బాణాలతో నెలలు గడుస్తాయి. విల్లుకి లైసెన్సు అక్కర్లేదు. మైదానం ఉంటే చాలు. అదే ఊళ్లో, అదే వయసు పిల్ల పిస్టల్ పట్టుకుంటే ప్రతి షాట్‌కీ ఒక కొత్త తూటా కావాలి, ఆ తూటాకి ఒక కాగితం కావాలి. పిల్లల్లో సత్తా ఒకటే, చేతికి అందే సరుకు దగ్గరే తేడా.

ఆ కాగితం పుట్టింది 1878లో. లార్డ్ లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడి చేతిలో తుపాకీ ఉండాలంటే లైసెన్సు తప్పనిసరి చేసింది, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. 1857 తర్వాతి భయం అది. ఆ భయం తుపాకీతో ఆగలేదు, తూటా దాకా వచ్చింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి తీసుకెళ్లింది 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. తుపాకీ ఎంత ముఖ్యమో తూటా లెక్క అంతే ముఖ్యమని దొరలకు అప్పుడు బాగా తెలిసొచ్చి ఉంటుంది.

స్వాతంత్య్రం వచ్చాక 1959లో కొత్త చట్టం, 1962లో నియమాలు వచ్చాయి. చట్టం మారింది కానీ లెక్క మాత్రం అలాగే ఉంది. లైసెన్సు పుస్తకంలో తుపాకీ వివరాలతో పాటు ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర పెట్టుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అని ఇప్పటికీ రాస్తారు. ఆ జాగ్రత్త వద్దని నేను అనను. పల్నాడు పక్కన పెరిగినవాడిని, ఎన్నికలు వస్తున్నాయంటే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమని కబురు రావడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. క్రీడాకారులకు ఎన్నికల సంఘం మినహాయింపు ఉంది. అయినా మన జిల్లాల్లో తుపాకీ అనగానే ఎవరికైనా ముందు ఫ్యాక్షన్ గుర్తొస్తుంది, ఆట గుర్తురాదు. కూతురు పిస్టల్ నేర్చుకుంటోందని మా అక్క చుట్టాలకి చెప్పడానికే ఏడాది పట్టింది.

అలాగని ఆట మన దగ్గర లేదా అంటే ఉంది. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో చదివిన పెద్దవాళ్లని అడిగి చూడండి. చైనా యుద్ధం తర్వాత 1963 నుంచి 1968 దాకా కాలేజీ అబ్బాయిలకి ఎన్‌సీసీ తప్పనిసరి. ఖాకీ నిక్కరు వేసుకుని, నేల మీద బోర్లా పడుకుని, 25 గజాల దూరంలోని అట్టని ఈ పాయింట్ టూ టూ రైఫిల్‌తోనే కాల్చినవాళ్లు ఆ తరంలో బోలెడుమంది. మా నాన్నగారు ఎనభై దాటాక కూడా తనవి ఐదు గుండ్లూ ఒక్క రూపాయి బిళ్ల కింద పట్టేంత దగ్గరగా పడ్డాయని చెప్పేవారు. ఐదు గుండ్లు, అంతే. ఆ తర్వాత జీవితంలో ఆయన మళ్లీ రైఫిల్ ముట్టుకోలేదు. ఇష్టం లేక కాదు, ఆరో తూటా ఎక్కడ దొరుకుతుందో ఆయనకి తెలియదు.

జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది. తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ గారే మొదటి అధ్యక్షుడు, ఆయన పేరుతో టోర్నీ కూడా ఉంది. కానీ చాలా కాలం అది మహారాజులు, సైనికులు, బాగా డబ్బున్నవాళ్ల ఆట. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ ఐదు ఒలింపిక్స్ ఆడారు. తన తూటాలు తాను తెప్పించుకోగల మనిషికి కొరత అనే మాట ఎందుకు తెలుస్తుంది?

మామూలు ఇళ్లలోకి ఆటని తెచ్చింది ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్. ఇందులో మందు లేదు, గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్ వెళ్తుంది. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న పాయింట్ వన్ సెవెన్ సెవెన్ రకానికి లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల గది ఉంటే రేంజ్ అవుతుంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఇందులోనే. ఆ తర్వాతే మన ఊళ్లలో మేడ మీద హాళ్లు, కల్యాణ మండపాల పక్క షెడ్లు రేంజ్‌లుగా మారాయి. తిరునాళ్లలో బుడగలు కొట్టిన పిల్లలు అట్టల ముందు నిలబడ్డారు.

అయితే ఆట అక్కడితో ఆగదు. చేయి తిరిగిన పిల్లలు సహజంగానే 25, 50 మీటర్లకి వెళ్లాలనుకుంటారు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిల్, మను భాకర్ నాలుగో స్థానంలో ఆగిన 25 మీటర్ల పిస్టల్, రెండూ పాయింట్ టూ టూ పోటీలే. అదే ఏడాది లిమాలో జూనియర్ ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చిన మన ఆంధ్ర కుర్రాడు నేలవల్లి ముకేశ్ కూడా 25 మీటర్ల పిస్టల్ షూటరే. అంటే మన దగ్గర పిల్లలు లేరని కాదు. ఎయిర్ దాటి అడుగు వేసిన రోజు నుంచి వాళ్లు తూటా మీద ఆధారపడతారు, పోటీ స్థాయి తూటా బయటి దేశాల నుంచి రావాల్సిందే.

మరి మన ఫ్యాక్టరీల సంగతేంటి? పుణె దగ్గర ఖడ్కీలో 1869 నుంచి మందుగుండు కర్మాగారం ఉంది. 2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టాక అది మునిషన్స్ ఇండియా కిందికి వచ్చింది. సైన్యానికి, పోలీసుకి కావలసింది మన ఫ్యాక్టరీలు చేస్తాయి. పోటీ స్థాయి పాయింట్ టూ టూకి మాత్రం మన షూటర్లు ఇంగ్లండ్‌లోని ఎలీ, జర్మనీలో తయారయ్యే ఆర్‌డబ్ల్యూఎస్, లపువా లాంటి బ్రాండ్లనే నమ్ముకున్నారు. 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అక్కడ పడాలంటే ప్రతి తూటాలో మందు, సీసం ఒకేలా ఉండాలి. ఒకే కంపెనీ తూటాల్లో కూడా ఒక లాట్, అంటే ఒకే విడతలో చేసినవి, ఒక బ్యారెల్‌కి నప్పుతుంది, ఇంకోటి నప్పదు. అందుకే పెద్ద షూటర్లు తమ రైఫిల్ పట్టుకుని ఆ ఫ్యాక్టరీకే వెళ్లి, పరీక్షించి, నప్పిన లాట్ వేలల్లో కొనుక్కుంటారు. కొరత రోజుల్లో ఈ సౌకర్యమే మొదట పోతుంది. ఏది దొరికితే అది. గురి తప్పింది చేతి వల్లా, తూటా వల్లా అన్నది పిల్లలకి అర్థం కాదు. నా లెక్కలో తక్కువ తూటాల కంటే ఇదే పెద్ద నష్టం.

బయటి దేశాల్లో ఈ కరువు కొత్త కాదు. 2012 డిసెంబరులో అమెరికాలో శాండీ హుక్ బడి కాల్పులు జరిగాక చట్టాలు బిగుస్తాయన్న భయంతో జనం ఎగబడి కొన్నారు. 2013లో అక్కడి కొట్లలో పాయింట్ టూ టూ దొరకలేదు. 2020లో కరోనా వచ్చాక మళ్లీ అదే పరుగు, పైగా ఆ జులైలో పెద్ద తయారీదారు రెమింగ్టన్ దివాలా తీసింది. తూటాలు ప్రమాదకర సరుకు కింద లెక్క, ఏ విమానంలో పడితే ఆ విమానంలో రావు. విమానాలు తగ్గిన రోజుల్లో మనదాకా రావడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది.

పాయింట్ టూ టూతో ఎవరూ యుద్ధం చేయరు కదా, మరి దానికెందుకు కొరత అని నేనూ అనుకున్నాను. జవాబు మన గుంటూరు ఆయిల్ మిల్లుల దగ్గర దొరికింది. జిన్నింగ్‌లో దూది తీసేశాక పత్తి గింజ మీద పొట్టి నూగు మిగులుతుంది. నూనె ఆడే ముందు మిల్లులో ఆ నూగుని గీకి తీస్తారు, దాన్ని లింటర్ అంటారు. గుప్పెట్లో పట్టుకుంటే పిచ్చుక గూడులా మెత్తగా ఉంటుంది. ఈ నూగునే నైట్రిక్ యాసిడ్‌తో కలిపి నైట్రోసెల్యులోజ్ చేస్తారు. 1846లో షాన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టింది దీన్నే, తర్వాత వచ్చిన పొగరాని మందుకి మూలం ఇదే. ఫిరంగి గుండు వెనక ఉండేదీ, పాయింట్ టూ టూలో ఉండే చిటికెడూ ఒకే జాతి. యూరప్ కంపెనీలు ఈ నూగు కోసం ఎక్కువగా చైనా మీద ఆధారపడ్డాయి. యుద్ధం రాగానే ఫిరంగి గుండ్లకి గిరాకీ పెరిగింది, మందు అటు మళ్లింది. ఇత్తడి, సీసం, పనివాళ్లు కూడా అంతే. ఆటకి తూటా చేసేవాళ్ల వంతు చివరికి వచ్చింది.

ఆ చివరి వంతులోనూ మన వరస వెనకాలే. ఆయుధాలు, తూటాల దిగుమతి మన దగ్గర ఎవరు పడితే వాళ్లు చేయగలిగేది కాదు. రైఫిల్ సంఘం తెప్పించి పంచుతుంది. ‘రినౌన్డ్ షాట్’ అనే గుర్తింపు వచ్చినవాళ్లు తమకి కావలసింది తాము తెప్పించుకోవచ్చు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ లైసెన్సుదారుకి ఉండగల తుపాకుల సంఖ్యని మూడు నుంచి రెండుకి తగ్గించినప్పుడు షూటర్లు కంగారుపడ్డారు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం వాళ్లకి ప్రత్యేక మినహాయింపులు ఇచ్చి, ఏడాదికి వాడుకోగల తూటాల పరిమితి కూడా బాగా పెంచింది. మంచి పనే. కానీ ఆ పెంపు కాగితం మీద ఉన్న హక్కు, సరుకు ఓడ దిగకపోతే హక్కుతో అట్టకి చిల్లు పడదు. పేరు వచ్చినవాళ్లకి దారి ఉంది. పేరు రావడానికి ముందు కాల్చాల్సిన ఆ వేల తూటాలే పేరులేని పిల్లలకి దొరకట్లేదు.

నా కోరిక ఒక్కటే. నూగు మనది, మందు ఫ్యాక్టరీలు మనవి, పతకాలు తెచ్చే పిల్లలు మనవాళ్లు. పోటీకి నిలబడే పాయింట్ టూ టూ ఈ దేశంలో తయారుకావాలి. మొదటి ఏడాదే ఎలీ అంత బాగుండక్కర్లేదు. సాధనకి మనది వాడి, మ్యాచ్‌కి విదేశీ పెట్టె దాచుకోగలిగినా మా పిల్ల నోట్‌బుక్‌లో అంకెలు మారతాయి.

పండగ అయ్యాక తను తిరిగి హైదరాబాద్ బస్సు ఎక్కింది. ఎక్కే ముందు రోజు రాత్రి హాల్లో గోడకి ఎదురుగా నిలబడి, కుడి చెయ్యి చాపి, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని, కదలకుండా నిమిషం లెక్కపెట్టుకుంది. అలా ఇరవైసార్లు. తర్వాత కూర్చుని నోట్‌బుక్ తెరిచి ఆ రోజు గడి నింపింది. తీసుకున్నవి 0, కాల్చినవి 0, మిగిలినవి 37.

“ఆ ముప్పై ఏడూ ఎప్పటికమ్మా?”

“స్టేట్ మ్యాచ్‌కి మామయ్యా. ఇంకో ఇరవై మూడు దొరికితే చాలు.”