ఎండకు వంగే కాంక్రీటు గోడలు

భవనం చట్రానికి బయట వేలాడదీసే ప్రీకాస్ట్ (ముందే అచ్చులో పోసి తెచ్చిన) కాంక్రీటు ప్యానెల్ పై అంతస్తుల బరువు మొయ్యదు. సొంత బరువు, గాలి, భూకంపం కుదుపు తట్టుకుంటే చాలు. ఈ మూడింటికీ లెక్కలు శ్రద్ధగానే జరుగుతాయి. నిర్లక్ష్యానికి గురయ్యేది ఉష్ణోగ్రత.

కాంక్రీటు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. సున్నపురాయి కంకరైతే కొంత తక్కువ, క్వార్ట్జ్ ఎక్కువున్న కంకరైతే కొంత ఎక్కువ. ఏడాదిలో ప్యానెల్ ఉష్ణోగ్రత 50 డిగ్రీలు మారితే 6 మీటర్ల పొడవులో 3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఈ లెక్కకు గాలి ఉష్ణోగ్రత పనికిరాదు. ముదురు రంగు ముఖం ఎండలో గాలికన్నా 20–30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కగలదు.

మూడు మిల్లీమీటర్లే కదా అని రెండు చివరలూ బిగించేస్తే ఏమవుతుంది? 30 డిగ్రీలు చల్లబడేసరికి కాంక్రీటులో పుట్టే లాగుడు ఒత్తిడి 30,000 (కాంక్రీటు స్థితిస్థాపక గుణకం, మెగాపాస్కల్‌లలో) × 0.00001 (డిగ్రీకి సాగే పాలు) × 30, అంటే 9 మెగాపాస్కల్ (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ బలం). మామూలు కాంక్రీటు 3 మెగాపాస్కల్ దగ్గరే పగులుతుంది. ఊచలు పెంచితే పగులు సన్నబడుతుందే గాని ఆగదు. మందం పెంచితే ఒత్తిడి అంతే ఉండి, బ్రాకెట్ల (ప్యానెల్‌ను చట్రానికి పట్టి ఉంచే ఉక్కు ముక్కల) మీద పడే బలం మాత్రం పెరుగుతుంది.

పొడవు మారడంకన్నా చిక్కయినది వంపు. మధ్యాహ్నం బయటి ముఖం వేడెక్కి సాగుతుంది, లోపలి ముఖం చల్లగానే ఉంటుంది. దాంతో ప్యానెల్ బయటికి విల్లులా వంగుతుంది. వ్యాకోచ గుణకాన్ని (పైన చెప్పిన 0.00001) ముఖాల మధ్య ఉష్ణోగ్రత తేడాతోనూ, పొడవు వర్గంతోనూ గుణించి, మందానికి 8 రెట్లతో భాగిస్తే మధ్యలో వంపు ఎంతో తెలుస్తుంది. 6 మీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల మందం, 15 డిగ్రీల తేడా ఉంటే 4.5 మిల్లీమీటర్లు. పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలవుతుంది.

గాలికి ఊగకుండా సరిగ్గా మధ్యలో గట్టి బిగింపు పెట్టి ఈ వంపును ఆపితే లోపలి ముఖం మీద 3.4 మెగాపాస్కల్ లాగుడు పడుతుంది. ప్యానెల్ మందం ఎంతైనా ఈ అంకె మారదు. చలి రాత్రి బయటి ముఖం ముందు చల్లబడితే అదే లాగుడు బయటివైపుకు మారుతుంది. అందుకే మధ్య బిగింపు తప్పనిసరైతే ఆ బలానికి ప్యానెల్‌నూ బ్రాకెట్‌నూ డిజైన్ చెయ్యాలి.

బరువు మోసే ఆనికలు రెండే ఉండాలి, రెండూ ఒకే అంతస్తు మట్టంలో ఉండాలి. మూడోది పెడితే ఏది ఎంత మోస్తోందో చెప్పలేం. ఆ రెండింటిలో ఒకటి స్థిరంగా ఉంటుంది, రెండోది పక్కకు జారుతుంది. గాలిని ఆపే మిగతా బిగింపులు ప్యానెల్‌ను లోపలికీ బయటికీ పట్టి ఉంచుతూనే నిలువుగా, అడ్డంగా కదలనివ్వాలి. అందుకు పొడవాటి రాడ్లు గాని, స్లాట్ (నిడుపాటి) రంధ్రాలు గాని వాడతారు. స్లాట్ పొడవులో ఉష్ణ కదలికతో పాటు బిగింపులో వచ్చే తేడాలకూ చోటుండాలి. లేదంటే మొదటి రోజే బోల్టు స్లాట్ చివర ఆని ఉంటుంది. నట్టును శక్తికొద్దీ బిగించకుండా, ఆనేంతవరకే తిప్పి రెండో నట్టుతో తాళం వెయ్యాలి. వదులుగా ఉందని సైట్‌లో ఎవరైనా నట్టు కింది వాషరును వెల్డింగ్ చేశారంటే డిజైన్ మొత్తం వృథా.

మధ్యలో ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) ఉన్న రెండు పొరల ప్యానెళ్లలో తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే బయటి పొర వేడి లోపలికి దిగదు. రెండు పొరల్నీ గట్టిగా కలిపేస్తే మొత్తం వంగుతుంది. వాటి మధ్యరేఖల ఎడం 150 మిల్లీమీటర్లు, ఉష్ణోగ్రత తేడా 30 డిగ్రీలు అయితే అదే 6 మీటర్లకు వంపు 9 మిల్లీమీటర్లు. బయటి పొరను నడిమి దగ్గర ఒక్కచోట స్థిరంగా పట్టి, మిగతాచోట్ల సన్నని ఉక్కు పిన్నులతో ఆపితే అది తన దారిన సాగుతుంది. ఇన్సులేషన్‌ను తెంచుకుంటూ అంచుల్లో కాంక్రీటు దిమ్మలు పోస్తే ఈ స్వేచ్ఛ పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

భవనం మూలలో రెండు ప్యానెళ్లు రెండు దిక్కులకు వంగి మధ్యలో సందు తెరుచుకుంటుంది. మూలను ఎల్ ఆకారంలో ఒకే ముక్కగా పోసి సందును పక్కకు జరపడం మేలు.

సందుల వెడల్పు ఇలా తేలుతుంది: సీలెంట్ (సందును మూసే సాగే పదార్థం) 25 శాతం కదలికను ఓర్చుకునేదైతే 3 మిల్లీమీటర్లకు 12 కావాలి, తయారీ, బిగింపు తేడాలకు మరో 6. మొత్తం 18. సీలెంట్ లోతు వెడల్పులో సగం ఉంటే చాలు. అడుగున ఫోమ్ తాడు పెట్టి, సీలెంట్ రెండు పక్కలకే అంటుకునేలా చూడాలి. మండుటెండలో సీలెంట్ నింపితే సందు అప్పుడు అన్నిటికన్నా ఇరుకుగా ఉంటుంది. చలికి తెరుచుకుని సీలెంట్‌ను చింపుతుంది. కాంక్రీటు ఆరి కుంచించుకోవడం కూడా అటే లాగుతుంది. ప్యానెల్ వంపును తనిఖీ చేసేటప్పుడు కొలతలు సూర్యోదయానికి ముందే తీసుకోవాలి, ఎండ తగిలాక తీసిన అంకెలో ఉష్ణ వంపు కూడా కలిసి ఉంటుంది.