మబ్బు పులిసిన కొండలు: ఫర్ అడవుల తగవు వెనుక కథ

టెన్నెసీలోని కింగ్‌స్టన్ బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2027 చివరికల్లా మూసివేస్తామని 2024లో నిర్ణయించిన అమెరికా ఫెడరల్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ (టీవీఏ), ఏడాది గడిచేసరికి ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలిస్తామని చెప్పింది. ఆ మాటతో, కేంద్రానికి తూర్పున ఉన్న కొండ కొమ్ముల మీది స్ప్రూస్, ఫర్ అనే సూది ఆకుల చెట్ల అడవులు ఎందుకు చచ్చాయన్న, అందులో బొగ్గు పొగ పాత్ర ఎంతన్న నలభై ఏళ్ల నాటి ప్రశ్నను మళ్లీ తిరగేయవలసి వస్తోంది.

గ్రేట్ స్మోకీ పర్వతాల నేషనల్ పార్కు ఎలా ఏర్పడిందో, అంతకు ముందు కలప కంపెనీలు ఎంత నరికాయో చాలామందికి తెలిసినదే కనుక దాని జోలికి పోవడం లేదు. అట్లాంటా, షార్లెట్‌ల నుంచి సెలవులకు అక్కడికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఒక దృశ్యం పరిచయమే. 2,025 మీటర్ల ఎత్తున్న కువోహీ శిఖరానికి (2024 సెప్టెంబరు దాకా దీని పేరు క్లింగ్‌మన్స్ డోమ్) అర మైలు నిటారు బాట ఎక్కుతుంటే, గుబురుగా లేచిన లేత ఫర్ మొక్కల మధ్య కొమ్మలన్నీ రాలి ఎముకల్లా తెల్లబడిన మోళ్లు నిలబడి ఉంటాయి. అడవి తగలబడిందా అని పిల్లలు అడుగుతారు. కాదు, పురుగు పట్టింది అన్నదే అక్కడ సాధారణంగా వినిపించే సమాధానం. అది అబద్ధం కాదు గానీ, కథ అక్కడితో అయిపోదు.

పురుగు సంగతి ముందు చూద్దాం. మంచుయుగం ముగిసి నేల వేడెక్కిన కొద్దీ చలిని వెతుక్కుంటూ పైకి జరిగిన ఈ అడవి, దక్షిణ అపలేచియన్ పర్వతాలలో ఇప్పుడు కొన్ని శిఖరాల మీద మాత్రమే దీవుల్లా మిగిలింది. ఇందులో ప్రధానమైన చెట్లు రెండు. వాటిలో ఫ్రేజర్ ఫర్ సహజంగా ఈ కొండల మీద తప్ప మరెక్కడా పెరగదు. దాని బెరడు మీది బుడిపెలను గిల్లితే జిగురు కారుతుంది కనుక కొండ జనం దాన్ని ‘ఆడ బాల్సం’ అనేవారు. ఆ జిగురు ఇవ్వని రెడ్ స్ప్రూస్ వాళ్ల లెక్కలో ‘మగ బాల్సం’. యూరప్ నుంచి వచ్చిన బాల్సం ఊలీ అడెల్జిడ్ అనే పురుగు 1957లో నార్త్ కరొలైనాలోని మౌంట్ మిచెల్ శిఖరం మీద, 1963లో స్మోకీ పర్వతాలలో బయటపడింది. పేనుబంకకు చుట్టమైన ఈ పురుగు మిల్లీమీటరుకు మించి ఉండదు, అమెరికాలో ఉన్నవన్నీ ఆడవే, గాలికి కొట్టుకుపోయి వ్యాపిస్తాయి. మందారం కొమ్మకు పిండినల్లి పట్టినట్లు మాను నిండా తెల్లటి దూది పేరుకుంటుంది. బెరడు పగుళ్లలో సూది దించి అది వదిలే లాలాజలానికి లోపలి కలప గిడసబారి, నీరు పైకి ఎక్కక, కొన్నేళ్లలోనే చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఎదిగిన ఫర్ చెట్లలో 90 శాతానికి పైగా ఇలాగే పోయాయి.

అయితే ఈ పురుగు స్ప్రూస్‌ను ముట్టదు. స్ప్రూస్ మాత్రం 1960ల నుంచే ఎదుగుదల మందగించింది. మానులోని వలయాలు ఏటికేడు సన్నబడ్డాయి. నా దృష్టిలో తగవంతా ఈ ఒక్క సంగతి దగ్గరే మలుపు తిరిగింది.

1980ల నడుమ మౌంట్ మిచెల్ మీద నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మొక్కల వ్యాధుల నిపుణుడు రాబర్ట్ బ్రక్, ఆయన బృందం వాన నీటితో ఆగకుండా మబ్బును కూడా కొలవడం మొదలుపెట్టారు. ఈ శిఖరాలు ఏడాదిలో చాలా రోజులు మబ్బులోనే మునిగి ఉంటాయి. ఫర్, స్ప్రూస్‌ల సన్నని సూది ఆకులు గాలిలో సాగిపోయే మబ్బు నుంచి తుంపరను దువ్వెనతో దువ్వినట్లు పట్టి నేలకు జారవిడుస్తాయి. అడవికి అందే నీటిలో గణనీయమైన భాగం ఆ దారిలోనే వస్తుంది. ఆ తుంపర వాన కంటే ఎన్నో రెట్లు ఆమ్లమని, కొన్ని రోజుల్లో దాని పీహెచ్ 3 కంటే దిగువకు, అంటే పులిసిన మజ్జిగ కంటే ఎంతో పుల్లగా మారుతోందని కొలతల్లో తేలింది. ఏ మబ్బును తాగి అడవి బతుకుతోందో ఆ మబ్బే బొగ్గు కేంద్రాల గొట్టాల నుంచి వచ్చిన గంధక, నత్రజని ఆమ్లాలను మోసుకొస్తోంది. అసలే పలుచనైన కొండ నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను ఆ ఆమ్లం కడిగేస్తుంది, అంతదాకా మట్టిలో కట్టుబడి ఉన్న అల్యూమినియంను విడుదల చేసి లేత వేళ్లను దెబ్బతీస్తుంది. కాల్షియం తగ్గిన స్ప్రూస్ ఆకు చలిని ఓర్చుకోలేదు. న్యూ ఇంగ్లండ్ కొండల మీద శీతకాలం దాటేసరికి ఆకులు ఎర్రబడి రాలడానికి కారణం ఇదేనని తరువాత రూఢి అయింది.

అవతలి పక్షం వాదననూ తీసిపారేయలేం. ఫర్ చావుకు పురుగు ఒక్కటే చాలునని, చుట్టూ ఉన్న ఫర్ కూలడంతో గాలిదెబ్బకు గురైన స్ప్రూస్ కూడా పడిపోయిందని, కరవు సంవత్సరాలనూ లెక్కలో వేయాలని చాలామంది అటవీ శాస్త్రజ్ఞులు అన్నారు. 1990లో ముగిసిన ఫెడరల్ అధ్యయనం ఆమ్ల వర్షం వల్ల దేశంలోని అడవులన్నీ క్షీణించడం లేదని తేల్చింది, ఎత్తైన కొండల మీది రెడ్ స్ప్రూస్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. పరిశ్రమ ప్రతినిధులు మొదటి సగాన్నే చదివి వినిపించేవారు.

అదే ఏడాది గాలి కాలుష్య చట్టాన్ని సవరించారు. 2002లో నార్త్ కరొలైనా తన సొంత 14 బొగ్గు కేంద్రాలకు కఠిన పరిమితులు విధించి, మా ఇల్లు ఊడ్చుకున్నాం, మీ పొగ సంగతేమిటని పొరుగు రాష్ట్రం వైపు తిరిగింది. అప్పటి అటార్నీ జనరల్ రాయ్ కూపర్ 2006లో టీవీఏ మీద దావా వేశారు. నాలుగు కేంద్రాల పొగ నార్త్ కరొలైనా ప్రజలకు పీడగా మారిందని 2009 జనవరిలో జడ్జి లేసీ థార్న్‌బర్గ్ తీర్పు చెప్పారు. దానికి మూడు వారాల ముందే కింగ్‌స్టన్ బూడిద చెరువు కట్ట తెగడం దావాలో భాగం కాకపోయినా జనం మనసులో తాజాగా ఉంది. తీర్పు చెప్పిన జడ్జి ఒకప్పుడు అదే రాష్ట్రానికి అటార్నీ జనరల్ అన్నదీ నిజమే. పొగ పరిమితులను ‘పీడ’ అనే వదులు మాటతో కోర్టులు నిర్ణయించరాదని, అది చట్టం ప్రకారం అనుమతులిచ్చే సంస్థల పని అని 2010లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అయినా 2011 ఏప్రిల్‌లో కుదిరిన రాజీలో టీవీఏ తన 59 బొగ్గు యూనిట్లలో 18 మూసివేయడానికి ఒప్పుకుంది. దావాలోని నాలుగింటిలో జాన్ సెవియర్, విడోస్ క్రీక్, బుల్ రన్ ఇప్పుడు బొగ్గు మండించడం లేదు. మిగిలింది కింగ్‌స్టన్ ఒక్కటే.

ఆ కేంద్రానికి ఇప్పుడు గంధకాన్ని కడిగే స్క్రబ్బర్లు ఉన్నాయని, ఇది 1980ల నాటి పొగ కాదని టీవీఏ తరఫు వారు అంటారు. ఆ మాట కూడా సరైనదే. అమెరికా విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ 1990లో సుమారు కోటిన్నర టన్నులు కాగా 2020 నాటికి పది లక్షల టన్నుల లోపుకు దిగింది. ఈ మధ్యకాలంలోనే వెస్ట్ వర్జీనియా, న్యూ ఇంగ్లండ్‌లలో స్ప్రూస్ వలయాలు మళ్లీ వెడల్పయ్యాయి. చలి తగ్గడం, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం కూడా అందుకు తోడ్పడి ఉండవచ్చునని పరిశోధకులు ఒప్పుకుంటారు గానీ, పొగ తగ్గడాన్ని పక్కన పెట్టి ఆ కోలుకోవడాన్ని వివరించినవారు లేరు. నేల మాత్రం అంత త్వరగా కోలుకోదు. దక్షిణ అపలేచియన్ మట్టి దశాబ్దాలుగా పట్టి దాచుకున్న గంధకాన్ని ఇప్పటికీ కొద్దికొద్దిగా వదులుతూనే ఉంది, కొట్టుకుపోయిన కాల్షియం రాతి నుంచి తిరిగి చేరడానికి మనుషుల తరాలు పడతాయి.

ఫర్ నీడలో, తడి రాళ్ల మీది నాచు పొర కింద స్ప్రూస్-ఫర్ నాచు సాలీడు నివసిస్తుంది. దాని ఒళ్లు మూడు నాలుగు మిల్లీమీటర్లే. నీడ పోతే నాచు ఎండుతుంది, నాచు ఎండితే సాలీడు బతకదు. 1995లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. ఇప్పుడు దానికి నీడ ఇస్తున్నవి పాత చెట్లు పోయాక మొలిచినవి. ఫర్ లేతగా ఉన్నంత కాలం బెరడు నునుపుగా ఉండి పురుగుకు పట్టు దొరకదు, కాయలు కాసే వయసు వచ్చేసరికి బెరడు గరుకెక్కి పగుళ్లు మొదలవుతాయి. కువోహీ బాట పక్కన చెయ్యి చాచి తడిమితే చాలా చెట్లకు ఆ గరుకు ఇప్పటికే తగులుతుంది.