రాణులిద్దరికీ ఒకే ముఖమా?

పెళ్లి సంబంధాలకు పంపే ఫోటో అంటే చాలు, తిరుపతిలో చాలా స్టూడియోల వాళ్లు అడక్కుండానే అమ్మాయి రంగు తేలుస్తారు, పుట్టుమచ్చ చెరిపేస్తారు. 'పిల్ల మహాలక్ష్మిలా ఉంది' అనిపించుకోవాలని మనకూ ఉంటుంది. ఆ మహాలక్ష్మి ముఖం మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ఆధారం ఒకటి కొండ మీదే ఉంది. తిరుమల మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, ఆయనకు చెరో పక్క రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి విగ్రహాలుగా నిలబడి ఉంటారు. క్యూ తోపులాటలో ఎవరూ సరిగా చూడరు. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో నమూనాలున్నాయి, అక్కడ తీరిగ్గా చూడొచ్చు. పేర్లు చెక్కారు కాబట్టి ఇవి ఫలానా మనుషుల రూపాలే. అయినా నా కళ్లకు రాణులిద్దరూ ఒకే అచ్చులో పోసినట్టే ఉంటారు: అదే సన్నని నడుము, అవే వెడల్పాటి కళ్లు, అవే నగలు. రాణి అంటే ఎలా ఉండాలో శిల్పికి ముందే తెలుసు. కలువ కళ్లు, సంపెంగ ముక్కు అంటూ ఆనాటి ప్రబంధ కవులు నాయికకు పెట్టిన కొలతలే ఇవీ. జోడించిన చేతులు భక్తికి గుర్తు, నగలు రాజ్యం సిరికి గుర్తు.

శాసనాల్లో మాత్రం వాళ్లు విడివిడి మనుషులు. 1513లో రాయలు మొదటిసారి కొండకు వచ్చినప్పుడు రాణులిద్దరూ స్వామి పాల నైవేద్యానికి చెరో బంగారు గిన్నె ఇచ్చారు. చేసిన పని రాతికెక్కింది, ముఖం ఎక్కలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో గిర్లాందాయో అనే చిత్రకారుడు గీసిన జొవాన్నా తోర్నబువోని అనే ఆవిడ చిత్రం మీద 1488 అని ఉంది. ఆమె ప్రసవ సమయంలో చనిపోయింది ఆ ఏడాదే. పక్కకు తిరిగిన ముఖం, వెనక ప్రార్థన పుస్తకం, పగడాల దండ, ఒక నగ: భక్తీ, సంపదా. అక్కడే ఒక చీటీ మీద, గుణాన్నీ మనసునూ కూడా కళ చూపగలిగితే ఇంతకంటే అందమైన చిత్రం లోకంలో ఉండదన్న అర్థంలో లాటిన్ పద్యం రాసి ఉంది. ఆ లోటు చిత్రకారుడికీ తెలుసు.

1894లో రాజా రవివర్మ ముంబయిలో ప్రెస్ పెట్టాక తామరపువ్వులో చీర కట్టుకుని నిలబడిన లక్ష్మి ఇంటింటి గోడకెక్కింది. అంతకు ముందు గుళ్లో ఉన్న అందం వంటింటి పక్కకు వచ్చేసింది. పద్మసరోవరంలో తామరలోంచి పుట్టిందని తిరుచానూరు అమ్మవారిని కొలిచే మనకు ఆ బొమ్మ వెంటనే దగ్గరైంది. అక్కడి నుంచి క్యాలెండరు, క్యాలెండరు నుంచి పెళ్లిచూపుల మాట.

శ్రీకాళహస్తి కలంకారీలోనూ సీత, పార్వతి, ద్రౌపది పసుపు ఒంటితో, ఒకే తీరు కళ్లతో ఉంటారు. కథను బట్టి, పక్కన రాసిన తెలుగు మాటలను బట్టి ఎవరో పోల్చుకుంటాం. కథ చెప్పే గుడ్డకు అది సరిపోతుంది, అందులో నాకు తప్పేమీ కనిపించదు. అదే కొలత బతికున్న పిల్ల మీద పెడితేనే కష్టం. పెళ్లి బయోడేటాల్లో 'రంగు' అనే గడి ఇప్పటికీ ఉంటోంది. ఆమె ఏం చదివిందో, ఏం పని చేస్తోందో చాలాసార్లు దాని కిందే రాస్తున్నారు.