తాళం చెవి ఎంత లోతుకు దిగింది?

పార్క్ చేసిన కారు మీద ఎవరో కావాలని గీత గీసిపోతే ముందు కోపం వస్తుంది. ఆ వెంటనే, ఏదో ఒక పాలిష్ డబ్బా తెచ్చి రుద్దేయాలన్న ఆత్రం పుడుతుంది. ఆత్రాన్ని కాసేపు ఆపుకోవడం మంచిది. ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఫిర్యాదుకైనా, ఇన్సూరెన్స్‌కైనా రుద్దక ముందున్న గీతే సాక్ష్యం. ఆ తర్వాత తేల్చుకోవాల్సింది ఒక్కటే: తాళం చెవి ఏ పొర దాకా దిగింది?

కారు రంగు ఒకే పూత కాదు. అడుగున ముప్పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందం ఉన్న స్టీలు రేకు ఉంటుంది. చాలా కార్లలో దాని మీద సన్నటి జింకు పూత, ఆపైన రంగు పట్టు నిలవడానికి ఫాస్ఫేట్ పొర ఉంటాయి. తర్వాత బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. నీళ్లలో తేలుతున్న రంగు కణాలు విద్యుదావేశం వల్ల లోహం వైపు లాక్కుపోయి అతుక్కుంటాయి. పూత పడిన చోట కరెంటు అంత తేలిగ్గా పారదు. దాంతో మిగతా కణాలు ఇంకా పూత పడని మూలలు, సందులు వెతుక్కుంటూ వెళ్తాయి. బ్రష్షూ, స్ప్రే గన్నూ చేరలేని డొల్లల్లోకి కూడా తుప్పు ఆపే పొర చేరుతుందంటే కారణం ఇదే. నా దృష్టిలో కారు పెయింటింగ్ మొత్తంలో తెలివైన భాగం ఎవరికీ కనిపించని ఈ 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

దాని మీద 30 మైక్రాన్లకు అటూ ఇటూ ప్రైమర్, 15 దాకా అసలు రంగు ఉన్న బేస్‌కోట్, అన్నిటికన్నా పైన 40 నుంచి 50 మైక్రాన్ల క్లియర్‌కోట్. అంతా కలిపినా రెండు తల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం కూడా ఉండదు. మనం ముచ్చటపడే ఎరుపైనా నీలమైనా అందులో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మెరుపంతా రంగు లేని క్లియర్‌కోట్‌ది.

గీత పడిన చోట చాలాసార్లు తెల్లటి చార కనిపిస్తుంది. నల్ల కారు మీదైనా తెలుపే. అక్కడ తెల్ల రంగేమీ లేదు. నున్నటి క్లియర్‌కోట్ మీద పడిన వెలుగు ఒక క్రమంలో తిరిగొస్తుంది. తాళం చెవి దున్నిన చాలులో అంచులు చిట్లి, గరుకై, వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. అన్ని రంగులూ కలిసి చెదిరితే మన కంటికి అది తెలుపే. ఈ చార మీద నీళ్లు చల్లి చూడండి. నీటి వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.33, క్లియర్‌కోట్‌ది సుమారు 1.5. గాలితో పోలిస్తే నీరు క్లియర్‌కోట్‌కు చాలా దగ్గర. కాబట్టి చాలులో నీళ్లు నిండగానే చెదరడం తగ్గి, గీత మాయమవుతుంది. ఆరితే మళ్లీ తేలుతుంది. అలా మాయమైతే దెబ్బ క్లియర్‌కోట్‌తోనే ఆగిందని ఊరట చెందవచ్చు. తడిలోనూ గీత కనిపిస్తుంటే అది రంగు దాకా, లేదా ఇంకా కిందికి దిగినట్టు. గోరు అడ్డంగా పోనిస్తే గట్టిగా తగులుకోవడం కూడా అదే చెప్తుంది. గీతలో బూడిద రంగో, లేత తెలుపో పట్టీలా కనిపిస్తే ప్రైమర్ కావచ్చు, తళతళలాడితే రేకు.

కొబ్బరి నూనె, మైనం రాస్తే గీత పోయిందని చెప్పేవాళ్లు చూసింది కూడా ఈ నీళ్ల మాయే. నూనె కాస్త ఎక్కువ రోజులు ఉంటుంది, నాలుగు సార్లు కడిగితే గీత తిరిగొస్తుంది. టూత్‌పేస్టులో మెత్తటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి అతి సన్నటి గీతల మీద ఎంతో కొంత పని చేస్తుంది. ఆ మాటకొస్తే పాలిష్ కూడా రాపిడే, కాకపోతే ఆ పని కోసమే తయారైంది.

కావాలని గీసిన గీతకీ, కొమ్మ రాసుకుని పడిన గీతకీ ఒక పెద్ద తేడా ఉంది. గీసేవాడు చేతి బలం పెట్టి, నడుస్తూ, ముందు ఫెండర్ (చక్రం మీది రేకు) నుంచి వెనక తలుపు దాకా ఈడుస్తాడు. ఒత్తిడి దారంతా ఒకేలా ఉండదు. తలుపు మధ్యలో రేకు కాస్త లోపలికి వంగుతుంది, అక్కడ గీత తేలిక. రేకు మడత పడి గట్టులా లేచిన చోట ఒత్తిడంతా చిన్న బిందువు మీద పడుతుంది, తాళం చెవి అక్కడ లోతుగా కోస్తుంది. పైగా పదునైన అంచుల మీద పూత పలచగా ఉండే అవకాశమూ ఎక్కువే. అందుకే గీత ఒకటే అయినా ఒకచోట క్లియర్‌కోట్‌లో, జానెడు అవతల ప్రైమర్‌లో, గట్టు మీద స్టీలులో ఉండవచ్చు. నీళ్ల పరీక్ష ఒక్కచోట చేసి తీర్పు చెప్పకూడదు. గీత పొడవునా చూడాలి.

క్లియర్‌కోట్‌లోనే ఆగిన గీతను పాలిష్ చేస్తారు. పాలిష్ గీతను పూడుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చుట్టూ ఉన్న క్లియర్‌కోట్‌ను అరగదీసి, గీత అడుగు మట్టానికి దించుతుంది. లెక్క తేలికే: 45 మైక్రాన్లున్న చోట 4 మైక్రాన్ల గీతను పూర్తిగా తీసేయవచ్చు. 20 మైక్రాన్ల గీతను తీయాలంటే దాదాపు సగం క్లియర్‌కోట్ పోతుంది. ఆ రోజు బండి అద్దంలా మెరుస్తుంది. కానీ అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు ఆ పొరలోనే కలిసి ఉంటాయి. పలచబడిన పొర కొన్నేళ్ల ఎండకు పాలిపోయి పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు గీత గీసినవాణ్ని తిట్టాలో, రుద్దినవాణ్ని తిట్టాలో తెలియదు. అంత లోతు గీతలకు అంచులు మెత్తబరచి, కంటికి ఆనకుండా చేసి వదిలేయడమే తెలివి. మందం కొలిచే గేజ్ ఉంది కదా అంటారు. మామూలు గేజ్ పొరలన్నీ కలిపిన మందం చెప్తుంది, అందులో క్లియర్‌కోట్ ఎంతో విడిగా చెప్పదు. గట్ల మీద పాలిష్ మిషన్ ఆనిస్తే క్షణాల్లో రంగు బయటపడుతుంది కాబట్టి పని తెలిసినవాళ్లు అక్కడ ముందే టేపు వేసుకుంటారు.

స్టీలు కనిపిస్తే అందం సంగతి తర్వాత, ముందు తుప్పును ఆపాలి. జింకు పూత ఉంటే కొంత గడువు దొరుకుతుంది. ఇనుము కన్నా జింకు త్వరగా ఎలక్ట్రాన్లు వదులుకుంటుంది కనుక గీత అంచుల్లోని జింకు ముందు తాను కరిగి ఇనుమును కాస్తుంది. అది అయిపోయాక తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే అది పక్కనున్న రంగును కింద నుంచి పైకి లేపి, ఆ సందులోకి తేమను రానిచ్చి, పక్కకు పాకుతుంది. బంపర్లకు ఈ బాధ లేదు, అవి ప్లాస్టిక్.

సన్నటి లోతు గీతకు టచప్ రంగు చాలు. జిడ్డు తుడిచి, తుప్పు ఉంటే గీకి, బయటపడ్డ లోహం మీద ప్రైమర్ పెట్టి, రంగును పలచటి పూతలుగా వేస్తూ పోవాలి. ఒకేసారి నింపేస్తే పైన తోలు కట్టి లోపలి థిన్నర్ చిక్కుకుపోతుంది. థిన్నర్ ఆవిరయ్యే కొద్దీ రంగు కుంగుతుంది. నిన్న సమంగా ఉన్న పూత ఇవాళ గుంటగా కనిపించేది అందుకే. చివరికి కాస్త ఉబ్బెత్తుగా నింపి, బాగా గట్టిపడనిచ్చి, 2000 నంబరు పైబడిన వాటర్ పేపర్‌ను (తడిపి వాడే గరుకు కాగితాన్ని) చిన్న చెక్క ముక్కకు చుట్టి తడిపి సమం చేయాలి. రెండడుగుల దూరం నుంచి కనిపించకపోతే పని బాగా కుదిరినట్టే.

అంతకు మించితే మళ్లీ పెయింటింగే. ఫ్యాక్టరీలో ఒట్టి బాడీనే ఓవెన్‌లో పెడతారు కాబట్టి 140 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి రంగును గట్టిపరచవచ్చు. రిపేరుకొచ్చిన కారులో వైర్లు, సీట్లు, ప్లాస్టిక్ ఉంటాయి. 60 డిగ్రీలకు మించి వేడి చేయడం కష్టం. ఆ వేడి లోటును రంగులో కలిపే హార్డెనర్ అనే గట్టిపరిచే రసాయనం పూరిస్తుంది. అందులోని ఐసోసయనేట్లు రెసిన్‌తో కలిసి గట్టి వల అల్లుతాయి. అవే ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా తెచ్చిపెడతాయి. కాబట్టి యూట్యూబ్ చూసి, మూతికి గుడ్డ కట్టుకుని ఇంట్లో స్ప్రే చేసే పని అసలు పెట్టుకోవద్దు.

గీత పడింది ఒక తలుపు మీదైతే పక్క ప్యానెల్‌కు కూడా బిల్లు వేశారని గొడవ పడేవాళ్లుంటారు. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకలు ఉంటాయి. అవి ఏ వాలులో పడుకున్నాయన్న దాన్ని బట్టి వెలుగు మారుతుంది. గన్ దూరం, గాలి ఒత్తిడి, పూత తడి ఏది మారినా వాలు మారుతుంది. కలర్ కోడ్ ఒకటే అయినా కొత్త తలుపు పాత ఫెండర్ పక్కన వేరుగా కనిపిస్తుంది. ఎండకు పాత రంగు వెలిసి ఉండటం మరో తలనొప్పి. అందుకే కొత్త రంగును పక్క ప్యానెల్ మీదికి పలచగా, క్రమంగా కలిసిపోయేలా పాకించి, క్లియర్‌కోట్‌ను ఆ ప్యానెల్ అంచు దాకా కొడతారు. మధ్యలో ఆపితే ఆ గీటు ఎప్పటికైనా బయటపడుతుంది.

కోపం వెళ్లగక్కే వాళ్లు తాళం చెవితోనే ఆగరు. స్ప్రే డబ్బాతో రాసిన రాతలు చూడ్డానికి ఘోరంగా ఉన్నా తరచూ తేలిగ్గా పోతాయి. ఫ్యాక్టరీ క్లియర్‌కోట్ అణువులు ఒకదానికొకటి కట్టుకుని ఉంటాయి, సాధారణంగా డబ్బా రంగుకు ఆ కట్టు లేదు. తేలికపాటి సాల్వెంట్‌కు (రంగును కరిగించే ద్రవానికి) డబ్బా రంగు కరుగుతుంది, క్లియర్‌కోట్ నిలబడుతుంది. కోపంతో పోసే బ్రేక్ ఆయిల్ అలా కాదు, క్లియర్‌కోట్‌లోకి ఇంకి ఉబ్బిస్తుంది. వెంటనే నీళ్లతో కడగడం తప్ప దారి లేదు.

పని పూర్తయిన బండిని షెడ్డులోని ట్యూబ్‌లైటు కింద చూసి సరే అనకండి. వేర్వేరు రంగు పొడుల మిశ్రమాలు ఒక వెలుగులో ఒకేలా ఉండి, ఇంకో వెలుగులో విడిపోవచ్చు. బయట ఎండలోకి తీసి, ఎదురుగా ఒకసారి, బాగా పక్కకు జరిగి ఏటవాలుగా ఒకసారి చూడండి. తేడా ఉంటే ఏటవాలులోనే దొరుకుతుంది. డబ్బులు ఆ తర్వాత ఇవ్వచ్చు.