కరెంటు ఉన్నా కోతలెందుకు? హైదరాబాద్ గ్రిడ్ వెనుక కథ

గాలివానకు నగరంలో బస్తీలకు బస్తీలు చీకట్లో మునిగిన ప్రతిసారీ అదే పంచాయితీ. తమ హయాంలో కరెంటు పోయేది కాదని బీఆర్ఎస్ అంటుంది. ఇవి కోతలు కావు, సాంకేతిక అంతరాయాలని కాంగ్రెస్ సర్కారు బదులిస్తుంది. 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టడం, 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుపై ఆందోళన చేస్తున్నవారి మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2013 డిసెంబర్ 31ని.

అప్పటిదాకా దక్షిణాది గ్రిడ్, అంటే కరెంటు లైన్ల వల, వేరు, మిగతా దేశానిది వేరు. బయటి కరెంటు గాజువాక, భద్రావతి, తాల్చేరు-కోలారు వంటి హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డైరెక్ట్ కరెంట్) లింకుల మీదుగా పరిమితంగానే వచ్చేది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో చిక్కుకున్నా హైదరాబాద్‌లో లైట్లు వెలిగాయంటే ఈ వేర్పాటు వల్లే. కానీ అదే ఏడాది ఇక్కడి పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే సరఫరా ఆపేసే రోజులు, తప్పలేదు. జీడిమెట్ల, బాలానగర్‌లలో చిన్న యూనిట్లు నడిపేవాళ్లు ఆ రోజుల్ని ఇప్పటికీ మర్చిపోలేదు. పక్క ప్రాంతాల్లో మిగులున్నా తెచ్చుకునే దారి చాలదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ దేశంతో కలిశాకే ఆ దారి వెడల్పవడం మొదలైంది.

రాష్ట్రం వచ్చాక కోతలు ఎత్తేసిన ఘనత తమదేనని బీఆర్ఎస్ చెప్పుకుంటుంది. నగరం చుట్టూ 400 కేవీ వలయం బిగించింది నిజమే. వాళ్ల హయాంలో ఛత్తీస్‌గఢ్ నుంచి కరెంటు కొన్న వ్యవహారం మాత్రం 2024లో విచారణ కమిషన్ దాకా వెళ్లింది. ఆ కమిషన్ నుంచి జస్టిస్ నరసింహారెడ్డి తప్పుకోగా జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. ఈ వాదులాటలో పడి అసలు సంగతి మరుగున పడుతోంది: కొరత ఇప్పుడు పెద్ద సమస్య కాదు. 2025 మార్చి 20న రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ 17,162 మెగావాట్లకు చేరినా సరఫరా నిలబడింది.

మరి గల్లీలో కరెంటు ఎందుకు పోతోంది? లైన్‌మెన్‌ను అడిగితే తెలుస్తుంది. 11 కేవీ స్తంభం మీది పింగాణీ ఇన్సులేటర్ (తీగను స్తంభానికి తగలకుండా పట్టి ఉంచేది) పగలంతా ఎండకు కాలి ఉంటుంది. సాయంత్రం చినుకు పడగానే చిట్లుతుంది. ఆ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైన్, అంటే ఫీడర్, దానంతటదే ఆగిపోతుంది (ట్రిప్పవుతుంది). ఆ పగులు కంటికి ఆనదు. చీకట్లో టార్చ్ పట్టుకుని స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాలి. లైన్‌లో కరెంటు ఆపించే అనుమతి (ఎల్‌సీ) తీసుకుని, ఎక్కి, మార్చి దిగేసరికి గంటలు గడుస్తాయి. ఇంకో చోట చెట్టుకొమ్మ విరిగిపడుతుంది, తీగలను కలిపే జంపర్ తెగుతుంది. ఇవతల జనం తిట్లన్నీ 1912 ఫిర్యాదుల నంబర్‌కు ఫోనెత్తినవారికీ, స్తంభమెక్కినవారికీ తప్పవు. ఆ నిచ్చెన మీద నిలబడేది తరచూ ఆర్టిజన్ కార్మికుడే.

నిధులు ఇన్నాళ్లూ పెద్ద లైన్లకే ఎక్కువగా వెళ్లాయి. రాయదుర్గం గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్ ప్రారంభోత్సవానికి మంత్రులొస్తారు. బస్తీ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ పెరిగితే అడిగే నాథుడు ఉండడు. ఐటీ కారిడార్‌కు భూగర్భ కేబుల్, పాతబస్తీకి వేలాడే తీగలు అన్నట్టుంది తీరు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) లెక్కల్లోని సగటు అంతరాయం ఈ తేడాను దాచేస్తుంది. ఏ ఫీడర్ ఎన్నిసార్లు ట్రిప్పయిందో, ఎంతసేపు ఆగిందో బస్తీవారీగా బయటపెట్టాలి. అధికారంలో ఎవరున్నా ముందు అడగాల్సింది ఈ లెక్కే.