ట్రక్కు ఇంజిన్‌కి నైట్రస్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మాది ఇంజిన్ పని. బోరు, హెడ్డు, పిస్టన్, రింగులు. వచ్చేవి ఎక్కువగా లారీలు, పికప్‌లే. అంతకు ముందు చెన్నైలో రేసు బళ్లు ట్యూన్ చేసే షెడ్డులో పనిచేశాను కాబట్టి, నైట్రస్ (పవర్ పెంచడానికి బాటిల్ నుంచి ఇంజిన్‌లోకి వదిలే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) సంగతి వస్తే ఇటువైపు కుర్రాళ్లు నన్నే అడుగుతారు. కొందరు సాలూరు లారీ ఓనర్ల పిల్లలు. కొందరు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడ పాత వీ8 పికప్ ట్రక్కు కొనుక్కుని రాత్రిపూట వాట్సాప్‌లో ఫోన్ చేసేవాళ్లు. ప్రశ్న మాత్రం ఒకటే: "స్టాక్ ఇంజినే అన్నా. 200 షాట్ కొడితే ఏటవుద్ది?"

స్టాక్ అంటే ఏ మార్పూ చేయని, కంపెనీ ఇచ్చిన ఇంజిన్. 200 షాట్ అంటే 200 హార్స్‌పవర్ అదనంగా వచ్చేంత గ్యాస్. ఇంజిన్ నిలుస్తుందా పోతుందా అన్నది ఆ అంకె ఒక్కటే తేల్చదు. గ్యాస్‌తో పాటు వెళ్లే పెట్రోలు, స్పార్క్ టైమింగ్, రింగు గ్యాప్ (పిస్టన్ రింగు రెండు కొనల మధ్య ఖాళీ) తేలుస్తాయి. బాటిల్ కొనేటప్పుడు ఈ మూడింటి గురించి అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: నైట్రస్ మండే గ్యాస్, అందుకే ఇంజిన్లు పేలతాయి.

నైట్రస్ ఆక్సైడ్ దానంతట అది ఇంధనం కాదు. సిలిండర్‌లో వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, అంతే. బరువు లెక్కన గాలిలో ఆక్సిజన్ సుమారు 23 శాతం, నైట్రస్‌లో 36 శాతం. ఆక్సిజన్ పెరిగితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. పవర్ వచ్చేది ఆ పెట్రోలు నుంచే. కిలో గాలికి 68 గ్రాముల పెట్రోలు సరిపోతే, కిలో నైట్రస్‌కి 100 గ్రాములకు పైనే కావాలి. అది అందకపోతే మంట వేడెక్కిపోయి నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి దానంతట అదే అంటుకోవడం) మొదలవుతుంది, పిస్టన్ అంచు కరుగుతుంది. స్టాక్ పెట్రోలు పంపు వీక్‌గా ఉన్నా, ఫిల్టర్ సగం మూసుకుపోయినా మామూలు డ్రైవింగ్‌లో తెలియదు. నైట్రస్ బటన్ నొక్కిన మూడో సెకనుకి తెలుస్తుంది. అందుకే ఎవరైనా కిట్ పెట్టమంటే ముందు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో చూస్తాను. ప్రెషర్ కొంచెం జారినా ఆ రోజుకి పని అక్కడితో ఆపేస్తాను.

అపోహ: అమెరికాలో 5.3 లీటర్ల స్టాక్ ఇంజిన్ 250 షాట్ తింటోంది, మనదీ తింటుంది.

వీడియోల్లో ఎక్కువగా కనిపించే షెవర్లే 5.3 ట్రక్కు ఇంజిన్‌కి పోత ఇనుము బ్లాకు, 96 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 8 సిలిండర్లు. 200ని ఎనిమిదికి పంచితే సిలిండర్‌కి 25. మీ 4 సిలిండర్ల ఇంజిన్‌లో అదే 200 అంటే సిలిండర్‌కి 50. రెండూ ఒకే షాట్ అనుకుంటే ఎలా?

అసలు సంగతి రింగుల దగ్గర ఉంది. కంపెనీ నుంచి వచ్చిన ఆ ఇంజిన్‌లో పై రింగు గ్యాప్ సుమారు పావు మిల్లీమీటరు నుంచి 0.4 వరకు ఉంటుంది. మామూలు వేడికి అది చాలు. పెద్ద షాట్ వేడికి రింగు సాగి, రెండు కొనలూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. ఇంకా సాగడానికి చోటుండదు. రింగు బోరుని పట్టేసి, పిస్టన్ పైభాగాన్ని విరిచి లేపేస్తుంది. ఆ పిస్టన్లు సిలికాన్ ఎక్కువున్న పోత పిస్టన్లు. అరుగుదలకి గట్టివే కానీ దెబ్బకి పెళుసు. ఇలా పోయిన ఇంజిన్ విప్పితే రింగు కొనలు రెండూ అద్దంలా మెరుస్తూ కనిపిస్తాయి. మసి ఉండాల్సిన చోట మెరుపు ఉందంటే కొనలు కలిశాయని అర్థం. "ట్యూనింగ్ తప్పు" అని ఓనరు, "నకిలీ పిస్టన్" అని మెకానిక్కు వాదించుకుంటారు గానీ, సాక్ష్యం ఆ కొనల మీదే ఉంటుంది.

పెద్ద షాట్ కొట్టాలనుకుంటే పై రింగు గ్యాప్‌ని ఈ బోరుకి 0.6 మిల్లీమీటరు పైకి తెస్తారు. పెద్ద ఖర్చేం కాదు. రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలతో వంకర లేకుండా లోపలికి నెట్టి, ఫీలర్ గేజ్ (ఖాళీలు కొలిచే సన్నటి రేకు) దూర్చి కొలవాలి. ఒక కొననే బయట నుంచి లోపలికి ఆకురాయితో రుద్దాలి, ఎటు పడితే అటు కాదు. రుద్దాక అంచు మీద వేలు పెడితే గీసుకోకూడదు. కొంచెం రుద్దడం, మళ్లీ కొలవడం, ఇదే ఎనిమిది సార్లూ. ఓపిక లేనివాళ్లు ఒక రింగు కొలిచి మిగతా ఏడూ అందాజుగా రుద్దేస్తారు. అలా చేయవద్దు. గ్యాప్ పెంచితే ఆయిల్ తాగేస్తుందని భయపడేవాళ్లున్నారు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కాస్త బ్లోబై (రింగుల పక్క నుంచి కిందికి జారే గ్యాస్) పెరుగుతుంది, నిజమే. పిస్టన్ పోవడం కంటే అది నయం కాదా?

అపోహ: 93 ఆక్టేన్‌తో అక్కడ నడుస్తోంది, మన దగ్గర 95 దొరుకుతుంది కాబట్టి మనది ఇంకా సేఫ్.

ఇది వినడానికి బాగుంటుంది. ఆక్టేన్ అంటే పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అమెరికా బంకులో రాసే 93 రెండు పద్ధతుల సగటు. మన బంకులో రాసే 95 ఆ రెండింట్లో ఒకటైన రీసెర్చ్ ఆక్టేన్ మాత్రమే. మన లెక్కలో చూస్తే వాళ్ల 93 సుమారు 98 అవుతుంది. అంటే మనదే తక్కువ. ఇక టైమింగ్. నైట్రస్ కలిసిన మిశ్రమం త్వరగా మండుతుంది కాబట్టి స్పార్క్ ఆలస్యంగా ఇవ్వాలి. ప్రతి 50 షాట్‌కి సుమారు 2 డిగ్రీలు వెనక్కి తీయడం మొదలుపెట్టే లెక్క. 200కి 8 డిగ్రీలు. ప్లగ్గులు ఒకటి రెండు మెట్లు చల్లటివి (వేడిని త్వరగా బయటికి పంపేవి) వేసి, ప్లగ్గు గ్యాప్ తగ్గించాలి. ఒక్క రన్ అయ్యాక ప్లగ్గు తీసి పింగాణీ మీద లెన్స్‌తో చూడండి. మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలుంటే నాకింగ్ మొదలైంది. చుక్కలు వెండిలా మెరిస్తే అది పిస్టన్ అల్యూమినియం.

అపోహ: కింది ఆర్పీఎంలో నొక్కితేనే పికప్ బాగుంటుంది.

బాగుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగేదాకా. జెట్ (గ్యాస్ వచ్చే కొలత రంధ్రం) నుంచి గ్యాస్ సెకనుకి ఇంత అని వస్తుంది. ఇంజిన్ ఎంత తిరుగుతుందో దానికి పట్టదు. 4000 ఆర్పీఎంలో ఒక్కో స్ట్రోక్‌కి అందే గ్యాస్ కంటే 2000లో అందేది రెట్టింపు. అందుకే విండో స్విచ్ పెట్టి, 3000 దాటాక, ఫుల్ థ్రాటిల్ అయితేనే తెరుచుకునేలా చేయాలి. పైన రెవ్ లిమిటర్ (ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా ఆపేది) తగిలే ముందే ఆగిపోవాలి. లిమిటర్ పెట్రోలు ఇంజెక్టర్లను ఆపుతుంది, గ్యాస్‌ని ఆపదు. ఆ కాసేపట్లో మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాల భాగం) ఎగిరిపోయిన బళ్లున్నాయి.

అపోహ: బాటిల్ వేడిగా ఉంటే మంచిది, కాబట్టి మన ఎండలు మనకి కలిసొస్తాయి.

చలి దేశాల్లో బాటిల్‌కి హీటర్ చుడతారు. అది చూసి వచ్చిన మాట ఇది. వాళ్లు చూసుకునేది 900 నుంచి 1000 పీఎస్‌ఐ ప్రెషర్. అది బాటిల్ 30 డిగ్రీలు, ఆ పైన కాస్త ఉన్నప్పుడు వస్తుంది. మేలో మన దగ్గర నీడలోనే 40 దాటే రోజులుంటాయి, తాళం వేసిన క్యాబిన్‌లో 50 దాటుతుంది. నైట్రస్‌కి 36.4 డిగ్రీలు హద్దు. అది దాటితే లోపల ద్రవం అంటూ విడిగా ఉండదు, ప్రెషర్ గబగబా పెరిగిపోతుంది. జెట్‌లు లెక్క కట్టింది ద్రవానికి. ప్రెషర్ కొంచెం పెరిగినా గ్యాస్ ఎక్కువ దూసుకొస్తుంది, పెట్రోలు జెట్ మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. ఆ తేడానే పిస్టన్ మీద పడుతుంది. జనవరి ఉదయం ట్యూన్ చేసిన బండిని మే మధ్యాహ్నం అదే సెట్టింగ్‌తో నొక్కితే అది వేరే ట్యూన్ అని లెక్క. బాటిల్‌ని నీడలో ఉంచండి, తడి గోనెసంచి కప్పండి, గేజ్ చూడకుండా వాల్వ్ తిప్పకండి. బాటిల్‌కి ఉన్న సేఫ్టీ డిస్క్‌ని (ప్రెషర్ హద్దు దాటితే పగిలి గ్యాస్ వదిలేసే బిళ్ల) ఎవరైనా మామూలు బోల్టుతో మూసేసి ఉంటే ఆ బాటిల్ దగ్గర కూడా నిలబడకండి. అలాగే వాల్వ్‌కి గ్రీజు, ఆయిల్ తగలకూడదు. మన షెడ్డు చేతులతో ఇది గుర్తుండడం కష్టమే.

అపోహ: ఘాట్ ఎక్కే లారీకి నైట్రస్ పెడితే లోడు ఈజీగా లాగుతుంది.

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు లోడు తీసుకెళ్లేవాళ్లు సీరియస్‌గానే అడుగుతారు. 4.5 కిలోల బాటిల్ 200 షాట్‌కి ముప్పావు నిమిషం వస్తే గొప్ప. ఘాట్ ముప్పావు నిమిషంలో అయిపోదు. పైగా డీజిల్ ఇంజిన్‌లో మామూలుగానే గాలి మిగులుతుంది. పొగ లేని బండికి ఆక్సిజన్ ఒక్కటే పెంచితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. నల్లపొగ కక్కే పాత బండికి పవర్ పెరుగుతుంది, నిజమే, కానీ హెడ్ గ్యాస్కెట్ మీద పడే ప్రెషర్ కూడా పెరుగుతుంది. అలాంటి బండికి ఎయిర్ ఫిల్టర్, టర్బో హోసులు, ఇంజెక్టర్లు చూపిస్తే పోయిన పవర్ చాలావరకు తిరిగొస్తుంది. నా దగ్గరికి వచ్చిన లారీ ఓనర్లకి ఇదే చెప్పి పంపిస్తాను.

అపోహ: ఆసుపత్రి నీలం సిలిండర్ తెచ్చుకుంటే చవక.

అది మత్తు వైద్యానికి లెక్కగా ఇచ్చే గ్యాస్. బండి బాటిల్‌లో ఉండే లోపలి గొట్టం దానికి ఉండకపోవచ్చు, అప్పుడు ద్రవానికి బదులు ఆవిరి వస్తుంది. ఇక అమెరికాలో బండ్ల కోసం అమ్మే నైట్రస్‌లో ఎవరూ పీల్చకుండా సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. ఆసుపత్రి గ్యాస్‌లో అది ఉండదు. పీల్చే అలవాటైతే బీ12 పనిచేయక కాళ్లు చేతులు తిమ్మిరెక్కి, నరాలు పాడవుతాయి.

అపోహ: బటన్ నొక్కకపోతే ఆర్‌టీవో ఏమీ అనలేడు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పే తప్పు, వాడారా లేదా అన్నది తర్వాతి సంగతి. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వేరే. కాబట్టి రోడ్డు బండికి నేను కిట్ పెట్టను. ట్రాక్ బండి అయితే ట్రైలర్ మీద తీసుకురండి. అందులో ఇప్పుడున్న పెట్రోలు పంపు ఏదో, రింగులు ఎప్పుడు మార్చారో కాగితం మీద రాసుకుని రండి. బాటిల్ తర్వాత కొనుక్కోవచ్చు.