పాదాలతో ఒక మాట, చేతులతో ఒక మాట

బంతి పది అడుగుల దూరంలో ఉంది. కుడిచేతిలో పొడవాటి కర్ర, ఎడమచెయ్యి హ్యాండిల్ మీద. బంతిని కొట్టాలంటే వంగాలి. కానీ కాళ్ళ కింద ఉన్న బండికి ముందుకి వాలడమంటే ఒకటే అర్థం తెలుసు: వేగం పెంచమని. ఆటగాడు బంతి కోసం వంగగానే బండి జోరందుకుంటుంది, బంతి వెనకబడిపోతుంది, కర్ర గాలిలో ఊగి వస్తుంది. సెగ్వే మీద పోలో ఆడటంలో అసలు చిక్కు ఇదే. ఆ బండి లోపలి సైన్సంతా ఈ ఒక్క చిక్కులోనే దాగి ఉంది.

సెగ్వే చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. పక్కపక్కనే రెండు చక్రాలు, వాటి మధ్య నిలబడటానికి ఒక పీట, పట్టుకోవడానికి నిలువు కడ్డీకి ఒక హ్యాండిల్. యాక్సిలరేటర్ లేదు, బ్రేకు లేదు. ముందుకి వాలితే ముందుకి పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. అమెరికన్ ఆవిష్కర్త డీన్ కామెన్ దీన్ని 2001 డిసెంబర్ 3న ఒక టీవీ కార్యక్రమంలో లోకానికి చూపించాడు. దీని వేర్లు మాత్రం ఒక వీల్‌చైర్‌లో ఉన్నాయి. కామెన్ బృందం అంతకుముందే ఐబాట్ అనే వీల్‌చైర్ తయారుచేసింది. అది మెట్లెక్కుతుంది, రెండు చక్రాల మీద నిటారుగా లేచి నిలబడుతుంది. అందులో కూర్చున్న మనిషి తలెత్తి చూడనక్కర్లేకుండా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తూ మాట్లాడొచ్చు. సెగ్వే కథలో నా మనసుకి బాగా దగ్గరైన భాగం ఇదే.

ఆటగా మారింది 2004లో, సిలికాన్ వ్యాలీలో. ఇవాళ మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉంటున్న ప్రాంతమది. అక్కడి సెగ్వే అభిమానుల సంఘంవాళ్ళు వారాంతాల్లో కలుసుకునేవారు, అలా కలిసినప్పుడే పోలో కర్రలు పట్టారు. యాపిల్ సంస్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కూడా వాళ్ళతో ఆడేవాడు. ఆయన పేరు మీదే వోజ్ చాలెంజ్ కప్ వచ్చింది. 2006లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కాలిఫోర్నియా జట్టు సిలికాన్ వ్యాలీ ఆఫ్టర్‌షాక్స్, ఆతిథ్య జట్టు పోల్ బ్లాక్స్ తలపడితే 2-2తో మ్యాచ్ డ్రా అయింది. జట్టుకి అయిదుగురు, మెత్తటి బంతి, ఎనిమిదేసి నిమిషాల చక్కర్లు నాలుగు. పోలోలో ఒక్కో విడతని ప్రపంచమంతా పిలిచే పేరు మన దేశపు ‘చక్కర్’ నుంచి వెళ్ళినదే. ఊరంతా చక్కర్లు కొట్టొచ్చానంటాం కదా, అదే మాట. ఆ మాటకొస్తే ఆధునిక పోలో కూడా మన మణిపూర్‌లోని సగోల్ కాంగ్జై అనే గుర్రపు ఆట నుంచే పుట్టింది.

ఇక అసలు సంగతి. ఇంట్లో బూజుకర్ర ఉంటే తీసుకోండి. బూజు దులిపే కొస పైకి ఉండేలా అరచేతిలో నిలబెట్టండి. కళ్ళు పైకొస మీద పెట్టి, అది ఎటు ఒరిగితే చెయ్యి అటు జరుపుతూ ఉంటే కాసేపటికి నిలబడుతుంది. ఇప్పుడు ఒక పెన్సిల్‌తో ప్రయత్నించండి. ఎంత నేర్పున్నవాళ్ళకైనా కుదరదు. తేడా ఎక్కడుందంటే, పొట్టి కర్ర చాలా త్వరగా పడుతుంది. పెన్సిల్ ఒరగడం మొదలుపెడితే, సెకనులో పదో వంతు గడిచేసరికి ఆ ఒరుగు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. మన కన్ను చూసి, మెదడు చెప్పి, చెయ్యి కదిలేసరికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఈలోగా పెన్సిల్ చెయ్యి దాటిపోతుంది. రెండు మీటర్ల కర్ర అంతే ఒరగడానికి మూడు రెట్లకు పైగా సమయం తీసుకుంటుంది కాబట్టి మన చెయ్యి అందుకోగలదు.

సెగ్వే మీద నిలబడ్డ మనిషే ఆ కర్ర. చక్రాలే అరచెయ్యి. మనిషి ఎటు ఒరిగితే చక్రాలు అటు పరిగెత్తి కిందకి చేరతాయి. ఆ పరుగే మనకి ప్రయాణం. బండి తన ఒరుగుని సెకనుకి వంద సార్లు చూసుకుంటుంది. మన చేతికి ఒక్కసారి స్పందించడానికి పట్టే వ్యవధిలో అది ఇరవై సార్లు సరిచూసుకుంటుందన్నమాట.

మరి ఒరుగుని ఎలా కనిపెడుతుంది? లోపల బొంగరంలా తిరిగే బరువైన చక్రమేదో ఉండి బండిని నిలబెడుతుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. ఉన్నవి అయిదు చిన్న జైరోస్కోప్ సెన్సర్లు. ఒక్కోదాంట్లో సన్నటి సిలికాన్ ఉంగరం నిరంతరం కంపిస్తూ ఉంటుంది. బండి ఏ దిక్కుకైనా తిరిగితే ఆ కంపనం తీరు కాస్త మారుతుంది, దాన్ని బట్టి ఎంత వేగంగా ఒరుగుతోందో తెలుస్తుంది. మూడు దిక్కుల కదలిక తెలుసుకోవడానికి మూడు చాలు. మిగతా రెండూ ఏదైనా చెడిపోతే ఆదుకోవడానికి. వీటికి తోడు, భూమి ఎటువైపుందో చెప్పే ద్రవంతో పనిచేసే వాలు సెన్సర్లు రెండు.

ఈ రెండు రకాలూ ఎందుకో తెలియాలంటే ఆర్టీసీ బస్సు గుర్తు చేసుకుంటే చాలు. ఒళ్ళో మజ్జిగ గిన్నె పెట్టుకుని కూర్చున్నారు. డ్రైవర్ బ్రేకు కొట్టాడు. రోడ్డు చదునుగానే ఉంది, బస్సూ చదునుగానే ఉంది, కానీ గిన్నెలో మజ్జిగ ముందువైపుకి ఎగదన్నింది. ఆ మజ్జిగని మాత్రమే చూసేవాడికి బస్సు లోయలోకి దిగుతున్నట్టు అనిపిస్తుంది. వాలు సెన్సర్‌లో ద్రవం కూడా ఇలాగే మోసపోతుంది. పోలో మైదానంలో బండి క్షణక్షణం దూకుతూ, ఆగుతూ ఉంటుంది కాబట్టి ఆ ద్రవం మాట అప్పటికప్పుడు నమ్మడానికి లేదు. జైరో అలా మోసపోదు, కానీ దానికి ఇంకో లోపం ఉంది: నిమిషాలు గడిచేకొద్దీ చిన్న చిన్న తప్పులు పోగై, చదునుగా ఉన్నా కాస్త ఒరిగానని అనుకోవడం మొదలుపెడుతుంది. అందుకే బండి అప్పటికప్పటి సంగతులకి జైరోని నమ్ముతుంది, కాస్త తీరిగ్గా ద్రవాన్ని అడిగి జైరో లెక్క దిద్దుకుంటుంది. మన ఫోన్ అడ్డంగా తిప్పితే తెర తిరగడం, ఎగిరే డ్రోన్ గాలిలో నిలకడగా ఉండటం వెనక కూడా ఈ తరహా చిట్టి సెన్సర్లే పనిచేస్తున్నాయి.

ఇంత చేసినా బండికి తెలిసేది ఒక్కటే, పీట ఎంత ఒరిగిందన్నది. మీ చేతులెక్కడున్నాయో, తల ఎటు తిప్పారో, బంతి ఎక్కడుందో దానికి తెలియదు. మీ బరువు కాలివేళ్ళ మీద పడిందా, మడమల మీద పడిందా అన్నదే దానికి వినిపించే భాష. ఆటగాడు నేర్చుకోవాల్సింది కూడా ఇదే: పాదాలతో బండికి ఒక మాట చెబుతూ, చేతులతో బంతికి ఇంకో మాట చెప్పాలి.

లెక్క వేసి చూద్దాం. 75 కిలోల మనిషికి చెయ్యి, కర్ర కలిపి నాలుగు కిలోలనుకుందాం. వెనక్కి ఎత్తిన కర్ర ముందుకి ఊగేసరికి ఆ నాలుగు కిలోలూ అరమీటరుకి కాస్త ఎక్కువే జరుగుతాయి. దాంతో మొత్తం శరీరపు గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్క చోటే ఉన్నట్టు లెక్కపెట్టుకునే బిందువు, సుమారు మూడు సెంటీమీటర్లు ముందుకొస్తుంది. చూడటానికి చిన్నదే. కానీ గరిమనాభి పీట నుంచి మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి ఇది ఒళ్ళంతా దాదాపు రెండు డిగ్రీలు వాల్చినదానితో సమానం. ఆ రెండు డిగ్రీలకే బండి కదులుతుంది. ఆటగాడు చెయ్యి ముందుకి పోనిస్తూనే నడుముని అంత మేర వెనక్కి తోయగలిగితే పాదాల కింద బరువు మారదు, పీట ఒరగదు, కర్ర దెబ్బ సంగతి బండికి తెలియనే తెలియదు.

బంతి దగ్గర ఆగడం ఇంకా కష్టం. మళ్ళీ బూజుకర్ర తీసుకోండి. అరచేతిలో నిలబెట్టి, కుడివైపు నాలుగడుగులు నడవాలనుకోండి. నేరుగా చెయ్యి కుడికి జరిపితే కర్ర ఎడమకి పడిపోతుంది. ముందు చెయ్యి కాస్త ఎడమకి జరపాలి, కర్ర కుడికి ఒరగాలి, అప్పుడు దాని వెంట కుడికి వెళ్ళాలి. సెగ్వే ఆగడం కూడా ఇలాగే. వేగం తగ్గాలంటే మనిషి చక్రాల ఇరుసుకి వెనకగా ఉండాలి. అలా ఉండాలంటే చక్రాలు ఒక్క క్షణం మనిషి కంటే ముందుకి దూకాలి. అంటే ఆగడానికి ముందు కాస్త వేగం పెరగాల్సిందే. పది డిగ్రీలు వెనక్కి వాలి, ఆ వాలు చెదరకుండా ఉంటే, గంటకి 20 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి దాదాపు తొమ్మిది మీటర్లు పడుతుంది. క్రికెట్ పిచ్‌లో ఇంచుమించు సగం. ఈ ఆటలో బంతిని చేరాక బ్రేకు గురించి ఆలోచించడానికి లేదు. తొమ్మిది మీటర్ల ముందే మనసులో ఆగిపోవాలి.

ఆ గంటకి 20 కిలోమీటర్లన్నది మొదటి సెగ్వేల గరిష్ఠ వేగం. మోటార్లకి అంతకంటే సత్తువ ఉంది, అయినా బండి పోనివ్వదు. ఎందుకంటే మోటార్లు రెండు పనులు చేస్తున్నాయి: బండిని నడపడం, మనిషిని పడనివ్వకుండా చూడటం. మోటారు తన శక్తి మొత్తం ప్రయాణానికే పెట్టేస్తే, మనిషి ఇంకో రెండు డిగ్రీలు ముందుకి ఒరిగినప్పుడు పరిగెత్తి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు పట్టుకునేది నేలే. అందుకని కొంత శక్తి ఎప్పుడూ దాచిపెట్టి ఉంచాలి. వేగం హద్దు చేరుతుంటే బండి హ్యాండిల్‌ని వెనక్కి నెట్టి మనిషిని నిటారుగా చేస్తుంది. చెయ్యి పట్టి ఆపినట్టే ఉంటుంది.

దాచిన శక్తి తరిగిపోతే ఏమవుతుందో 2003లో తెలిసింది. ఆ సెప్టెంబర్‌లో, అప్పటిదాకా అమ్మిన దాదాపు 6,000 సెగ్వేలన్నిటినీ సరిచేయడానికి వెనక్కి పిలిచారు. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు, మనిషి ఉన్నట్టుండి వేగం పెంచినా, చక్రానికి ఏదైనా అడ్డం తగిలినా, ఆదుకోవడానికి చాలినంత కరెంటు అందక మనుషులు పడిపోయారు. సాఫ్ట్‌వేర్ మార్చి దీన్ని సరిదిద్దారు. పోలోలో ఉండే పరిస్థితులు సరిగ్గా ఇవే: ఉన్నట్టుండి వేగం, ఉన్నట్టుండి అడ్డం. సెగ్వే పోలోలో బండ్లు ఢీకొంటే ఎందుకంత ప్రమాదమో కూడా దీంతో అర్థమవుతుంది. గుర్రం తగిలితే నాలుగు కాళ్ళతో తమాయించుకుంటుంది. సెగ్వే చక్రాన్ని ఎదురు బండి అడ్డుకుంటే, మనిషి కిందకి పరిగెత్తే దారే మూసుకుపోయినట్టు.

పక్కలకి పడకుండా చూసే కంప్యూటరంటూ ఏదీ లేదు. ముందు, వెనకల సంగతే అది చూసుకుంటుంది. పక్కల బాధ్యత మనిషిదే. వేగంగా పోతూ అయిదు మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరగాలంటే, గంటకి 20 కిలోమీటర్ల దగ్గర ముప్ఫై డిగ్రీలకు పైగా లోపలికి వాలాలి. అంత వాలితే కర్ర ఎత్తడం కుదరని పని. వేగం సగానికి తగ్గిస్తే తొమ్మిది డిగ్రీలు చాలు. ఇక నిలబడ్డ చోటే తిరగాలంటే ఏ వాలూ అక్కర్లేదు. ఒక చక్రం ముందుకి, ఇంకోటి వెనక్కి తిరుగుతాయి, బండి ఉన్న చోటే గిర్రున తిరుగుతుంది.

మొదటి సెగ్వేలలో మలుపు తిప్పడానికి ఎడమచేతి పిడిని మెలితిప్పేవారు. గుర్రపు పోలోలోనూ కర్ర కుడిచేత్తోనే పట్టాలన్నది నియమం కాబట్టి ఆ అమరిక ఆటకి అతికినట్టు సరిపోయింది. 2006లో వచ్చిన రకంలో మెలి తీసేశారు. హ్యాండిల్‌ని ఎటు వాలిస్తే బండి అటు తిరుగుతుంది. మామూలు ప్రయాణానికి ఇదే హాయి, మలుపులో ఒళ్ళు దానంతటదే లోపలికి వాలుతుంది. కానీ పోలో ఆడేవాళ్ళకి ఇంకో పాఠం తోడైంది. కుడివైపు బంతిని అందుకోవడానికి కుడికి వంగితే, హ్యాండిల్ కూడా వెంట వస్తుంది, బండి బంతి మీదకే తిరుగుతుంది. ఇప్పుడు ఎడమచెయ్యి కూడా వేరే మాట చెప్పడం నేర్చుకోవాలి.

సెగ్వే అమ్మకాలు అనుకున్నంత సాగలేదు. మొత్తం మీద లక్షా నలభై వేల వరకూ అమ్ముడయ్యాక 2020లో ఆ మోడల్ తయారీ ఆపేశారు. నేను దాని మీద నిలబడింది అంతకు కొన్నేళ్ళ ముందు, కాలిఫోర్నియాలో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు. ఒక పార్కులో గంటసేపు నేర్పించేవాళ్ళు. చివరి పదినిమిషాల్లో శిక్షకుడు ఒక స్టూలు తెచ్చి నా ముందు పెట్టి, దాని మీద కాగితం కప్పు బోర్లించాడు. బండి కదలకుండా ఆ కప్పుని వేలితో తాకాలి. చెయ్యి చాచాను. బండి వెళ్ళి స్టూలుని తగిలింది. రెండోసారి ఒళ్ళు బిగబట్టి చాచాను, మళ్ళీ తగిలింది. పక్కన నిలబడి చూస్తున్న అక్క అంది, “తమ్ముడూ, మన ఇంట్లో నూతిలోకి తొంగి చూసేటప్పుడు ఎలా నిలబడేవాడివి? నడుం వెనక్కి పెట్టి తల ఒక్కటే ముందుకి పెట్టేవాడివి కాదూ? అలా నిలబడు.”

నుయ్యి గుర్తొచ్చింది. నడుం దానంతటదే వెనక్కి వెళ్ళింది, మడమల కింద పీట తగులుతూనే ఉంది. చెయ్యి చాచాను. చక్రాలు అంగుళం కూడా కదల్లేదు. వేలికి కప్పు అంచు తగిలింది.